121 గుర్రాల సిటీ, 115 గుర్రాల వర్టస్: పికప్‌లో ఏది ముందు?

తపోవనం కుర్రోడు:

అన్నలకు నమస్తే. మాది అనంతపురం. నెల రోజులుగా ఇంట్లో ఒకటే రగడ, తేలక ఇక్కడ పెడుతున్నా.

మా పెదనాన్న కొడుకు దగ్గర హోండా సిటీ ఉంది, ఐదో తరం, 1.5 పెట్రోల్, మాన్యువల్. బెంగళూరులో పనిచేసే నా ఫ్రెండు దగ్గర ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.0 టీఎస్ఐ (టర్బో ఉన్న పెట్రోల్) ఉంది, అదీ మాన్యువలే. నేను సెకండ్ హ్యాండ్‌లో ఈ రెండిట్లో ఒకటి తీసుకోవాలని ఉన్నా కాబట్టి రెండూ బాగా గమనిస్తున్నా. కాగితం మీద చూస్తే సిటీకి 121 పీఎస్ (అంటే గుర్రాల బలం), వర్టస్‌కి 115 పీఎస్. పైగా సిటీయే ఓ 80, 100 కిలోలు తేలిక. అంటే సిటీ ముందు పోవాలి కదా?

ఉగాదికి అందరం బెంగళూరు నుంచి వస్తూ మరూరు టోల్ గేటు దగ్గర పక్కపక్క లేన్లలో ఆగాం. గేటు లేవగానే ఇద్దరూ తొక్కారు (తిట్టకండి, రోడ్డు ఖాళీగానే ఉంది). మొదట ఓ బండి పొడవు సిటీ ముందుకొచ్చింది. తర్వాత వర్టస్ అందుకుంది. 100 దగ్గర రెండూ భుజం భుజం. నేను సిటీలో కూర్చున్నా, మా అన్న ప్రతి గేరూ ఎర్రగీత దాకా లాగి మార్చాడు, ఇంజన్ కేకలు పెట్టింది. అవతల వర్టస్ వాడు మాత్రం పెద్దగా కష్టపడినట్టు లేడు. కాసేపటికి రాప్తాడు ఇవతల ఇద్దరం 60 మీద నాలుగో గేరులో నిదానంగా పోతూ మళ్లీ తొక్కితే ఈసారి వర్టస్ చటుక్కున రెండు బండ్ల పొడవు వెళ్లిపోయింది. మావాడి మొహం చూడాలి.

సరే వర్టసే అనుకుంటే, మరుసటి రోజు మధ్యాహ్నం మూడింటికి నలుగురం ఏసీ ఫుల్లుగా పెట్టుకుని అదే వర్టస్‌లో ఊళ్లో తిరిగాం. సప్తగిరి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి కదిలేటప్పుడు బండి నిద్రలోంచి లేచినట్టు ఉంది. ఇదేంది, నిన్న రెచ్చిపోయిన బండి ఇదేనా అనిపించింది.

ఇంతకీ ఏది ఫాస్ట్? గుర్రాలు ఎక్కువున్న బండి ఎందుకు వెనకబడింది? నేను వారానికోసారి తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా కడప పోయొస్తా, అది కూడా లెక్కలోకి తీసుకుని చెప్పండి.

---

గుత్తికోట:

రెండూ వద్దప్పా. ఇంకొంచెం వేసుకుని వెర్నా 1.5 టర్బో చూడు. 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం). నువ్వు చెప్పిన రెండు బండ్లూ అద్దంలో చుక్కలైపోతాయి. లేదా వర్టస్‌లోనే 1.5 జీటీ, 150 పీఎస్, 250 టార్క్.

---

తపోవనం కుర్రోడు:

ఆ "ఇంకొంచెం" ఎవరిస్తారన్నా, నువ్విస్తావా? అడిగింది ఈ రెండిట్లోనే.

---

బళ్లారి చౌరస్తా:

కర్నూలు నుంచి. ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నా, ఈ ప్రశ్న వారానికొకరు అడుగుతారు. కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపికుంటే చదువు.

తమ్ముడూ, 121, 115 అనేవి ఇంజన్ ఒకే ఒక్క చోట ఇచ్చే గరిష్ఠం. సిటీకి ఆ 121 వచ్చేది 6600 ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర. నువ్వు రోజూ నడిపేటప్పుడు సూది అక్కడికి ఎన్నిసార్లు పోతుంది చెప్పు? మనవాళ్లు రెండు వేలు, మూడు వేలు దాటితే ఇంజన్ పాడైపోతుందేమో అన్నట్టు గేరు మార్చేస్తారు. వర్టస్ 1.0 కి గరిష్ఠ టార్క్ 178 న్యూటన్ మీటర్లు, అది 1750 నుంచి 4500 దాకా బల్లపరుపుగా ఉంటుంది. సిటీకి 145, అదీ 4300 దగ్గర.

గుర్రాలంటే టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి సుమారు ఏడు వేలతో భాగిస్తే వచ్చేదే, వేరే మాయ ఏమీ లేదు. లెక్క కట్టి చూడు. 2000 ఆర్పీఎం దగ్గర వర్టస్ 178 టార్క్‌తో దాదాపు 51 గుర్రాలు ఇస్తుంది. సిటీకి ఆ 2000 దగ్గర 145 పూర్తిగా రాదు, అయినా ఉదారంగా మొత్తం ఇచ్చేశాం అనుకో, అప్పుడూ 41 చుట్టుపక్కలే. 4300 దగ్గర సిటీ 89, వర్టస్ 109. చూశావా, సిటీ తన టార్క్‌లో శిఖరం మీద ఉన్నప్పుడు కూడా ఇరవై గుర్రాలు వెనకే. ఇక ఆరు వేల అటు ఇటు పోతేనే సిటీది పైచేయి అవుతుంది. మీ రాప్తాడు కథలో నాలుగో గేరు, 60 అన్నావు, అంటే సిటీ సూది రెండు వేల చిల్లర మీద ఉండుంటుంది. అక్కడ దానికి దమ్ము ఉండదు. అది దాని తప్పు కాదు, మీ అన్న గేరు దించకుండా తొక్కడం తప్పు.

మరి టోల్ గేటు దగ్గర ఎందుకు సమానం అయ్యాయంటే, అక్కడ మీ అన్న ప్రతి గేరూ చివరిదాకా లాగాడు. అలా నడిపితే గేరు మారిన ప్రతిసారీ సూది దాదాపు నాలుగు వేలు, ఆ పైన వచ్చి పడుతుంది, సిటీ ఇంజన్ బతికేది అక్కడే. బరువు తక్కువ కావడం కూడా కలిసొచ్చింది. వర్టస్‌కి మధ్యలో బలం ఎక్కువ, కానీ ఐదున్నర వేలు దాటాక ఊపిరి తగ్గుతుంది, ఇంకా లాగినా లాభం లేదు. ఒకడికి చివర్లో, ఒకడికి మధ్యలో. మొత్తం మీద సున్నా నుంచి వందకి రెండూ పది సెకన్ల అటు ఇటే, మిగిలింది కాలు, చేయి తిరిగే తీరు. ఒక్క గేరు మార్పులో సగం సెకను పోగొట్టే వాళ్లని రోజూ చూస్తుంటా.

మొదట్లో సిటీ ఓ బండి పొడవు ముందుకు రావడం కూడా మామూలే. టర్బో లేని ఇంజన్ కాలు పెట్టగానే పలుకుతుంది. టర్బో బండిలో ముందు పొగగొట్టం వైపు గాలి వెళ్లి చక్రం తిప్పాలి, ఆ చక్రం లోపలికి గాలి నెట్టాలి, అప్పుడు గదా బలం. సప్తగిరి సర్కిల్ దగ్గర నీకు నిద్ర అనిపించింది అదే. 1500 లోపు ఆ బండి ఒట్టి 1000 సీసీ మూడు సిలిండర్ల బండి. దాని మీద నలుగురు మనుషులు, ఏసీ. క్లచ్ వదిలేటప్పుడు ఇంకొంచెం ఆర్పీఎం ఇస్తే సరిపోతుంది, వారంలో కాలికి అలవాటైపోతుంది.

ఒక సొంత సంగతి. కుర్రతనంలో నేనూ ఇలాగే పాత పెట్రోల్ బండిని ఊరి బయట ప్లాట్లు వేసిన లేఅవుట్‌లో ఐదు వేల మీద క్లచ్ వదిలి వదిలి సున్నా నుంచి వంద కొలిచాను. ఏడోసారికి కాలిన వాసన వచ్చింది, గోనెసంచి కాల్చినట్టు. బండి ఇంటిదాకా పాకుతూ వచ్చింది. క్లచ్ ప్లేటు విప్పితే మందం అద్దంలా అరిగి నల్లగా మెరుస్తోంది. మా నాయనకు చెప్పడానికి వేరే కథ అల్లాల్సి వచ్చింది. సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు ఇదొకటి గుర్తుపెట్టుకో: నాలుగో గేరులో 50 మీద ఒక్కసారి తొక్కు, ఆర్పీఎం లేచి స్పీడు లేవకపోతే ముందు ఓనరు కూడా నాలాంటి వాడే అని అర్థం.

---

గువ్వలచెరువు పాలకోవా:

పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఎండ సంగతి నేను కలుపుతా, కడపోళ్లం కదా, ఆ హక్కు మాకుంది.

ఇంజన్‌కి కావాల్సింది గాలి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 42 డిగ్రీల గాలి సుమారు 7 శాతం పలచన. సిటీ లాంటి టర్బో లేని బండి ఆ 7 శాతాన్ని నేరుగా పోగొట్టుకుంటుంది, మొర పెట్టుకునే దారి లేదు. టర్బో బండి ఇంకొంచెం గట్టిగా నెట్టి కొంత సరిచేసుకుంటుంది. కానీ నెట్టిన గాలి మరీ వేడెక్కుతుంది, దాన్ని ఇంటర్‌కూలర్ చల్లబరచాలి. ట్రాఫిక్‌లో అరగంట ఈడ్చాక బానెట్ కింద అంతా పొయ్యిలా ఉంటుంది కదా, అప్పుడు నాకింగ్ (పెట్రోల్ వేళకాని వేళ అంటుకుని ఇంజన్ కొట్టుకోవడం) రాకుండా కంప్యూటర్ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది, బలం తగ్గుతుంది. హైవే ఎక్కి పది నిమిషాలు గాలి తగిలితే మళ్లీ మామూలు. కాబట్టి ఎండలో ఊళ్లో తిరిగి టర్బో బండి మీద తీర్పు చెప్పకు.

ఇంకో తమాషా. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ. అంటే సిటీ కాగితం మీది 121 లో పది పన్నెండు గుర్రాలు అక్కడ గాలికే పోతాయి. మీ అనంతపురం 350 మీటర్ల లోపే కాబట్టి కిందికి దిగేకొద్దీ సిటీకి ఊపిరి వస్తుంది. వర్టస్‌కి ఈ ఎత్తు పెద్ద లెక్క కాదు. నీ ఫ్రెండు బెంగళూరులో పోటీ పెడితే గెలుపు వాడిదే, మచిలీపట్నం బీచి దగ్గర పెడితే మీ అన్నకు కొంచెం ఆశ.

నేను ఇదే 1.0 టీఎస్ఐ ఇంజన్ ఉన్న బండి నడుపుతా. రాయచోటి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో మలుపు తిరిగి పైకి ఎక్కేటప్పుడు మూడో గేరులో 2000 మీద పెట్టి తొక్కితే చాలు, గేరు దించే పని లేదు. ఇదివరకు నా దగ్గర టర్బో లేని 1.2 పెట్రోల్ ఉండేది, దాంతో అదే మలుపులో రెండుకి దించి గోల పెట్టించాల్సి వచ్చేది. అయితే ఒకటి, ఆ పాత బండి ఎప్పుడు తొక్కినా ఒకేలా పలికేది. దీంతో ఏ ఆర్పీఎంలో ఉన్నామో మనసులో ఒక మూల లెక్క ఉండాలి, లేకపోతే మలుపులో అర సెకను గాల్లో తేలినట్టు ఉంటుంది.

---

సీవీటీ భక్తుడు:

సిటీ సీవీటీ (మెట్లు మెట్లుగా గేర్లు లేని ఆటోమేటిక్) ఎలా ఉంటుంది మరి పికప్‌లో? నాకు క్లచ్ తొక్కే ఓపిక లేదు.

---

బళ్లారి చౌరస్తా:

ఊళ్లో హాయి. గట్టిగా తొక్కితే సూది పైకి పోయి అక్కడే నిలబడి అరుస్తుంది, స్పీడు వెనకాల నడుచుకుంటూ వస్తుంది. పికప్ కోసమైతే వద్దు. వర్టస్ 1.0 లో ఆటోమేటిక్ కావాలంటే అది మామూలు టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు నూనె ద్వారా బలం అందించేది), 6 గేర్లు, జీటీలో వచ్చే డ్యూయల్ క్లచ్ కాదు. మన ఎండలకు, ట్రాఫిక్‌కు నా ఓటు టార్క్ కన్వర్టర్‌కే.

---

పాత అంబాసిడర్:

నాయనలారా, చదివాను. పాఠం బాగుంది. కానీ టోల్ గేటు దగ్గర పందెం పెట్టినవాణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు, కాబట్టి ఆ పని నేనే చేస్తా.

రోడ్డు ఖాళీగా ఉంది అంటావు. 44వ నంబరు హైవే ఖాళీగా ఉండటం అంటూ ఉండదు బాబూ. డివైడర్ సందులోంచి గొర్రెల మంద వస్తుంది, ఎదురు దిశలో లైట్లు లేని ట్రాక్టరు వస్తుంది, టోల్ దాటగానే టీ బంకు ముందు లారీ సగం రోడ్డు మీద ఆగి ఉంటుంది. 100 మీద సెకనుకు 28 మీటర్లు పోతావు. నీ బుర్రకు విషయం ఎక్కి కాలు బ్రేకు మీదికి వచ్చేలోపే ఆ 28 అయిపోతాయి. ఆ తర్వాత మంచి టైర్లు, పొడి రోడ్డు అయితే ఆగడానికి ఇంకో 50. నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠం 100, అదీ తక్కువ బోర్డు లేనిచోట. మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెడితే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ.

అంత సరదా ఉంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. డబ్బు కట్టి అక్కడ తొక్కండి.

ఇక కొలత గురించి. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదని నిబంధన, అందుకని కంపెనీలన్నీ కొంచెం ఎక్కువే చూపిస్తాయి. మీటరులో 100 అంటే అసలు 95 ఉండొచ్చు. ఒక కంపెనీ ఎక్కువ కలుపుతుంది, ఇంకోటి తక్కువ, కాబట్టి మీటరు చూసి రెండు బండ్లను పోల్చడం కుదరదు. ఫోనులో జీపీఎస్ యాప్ పెట్టేవాళ్లున్నారు, చాలా ఫోన్లలో అది సెకనుకు ఒక్కసారే కొలుస్తుంది. పది సెకన్ల పరుగులో ఒక సెకను తేడా అంటే తీర్పే తారుమారు. వాలు కూడా చూడాలి. నూరు మీటర్లకు ఒక మీటరు వాలున్నా, కంటికి చదునుగానే కనిపిస్తుంది, కానీ పది సెకన్లలో దాదాపు మూడో వంతు సెకను మారిపోతుంది. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు రెండు దిక్కులా పరిగెత్తించి సగటు తీస్తారు. నువ్వు చెప్పిన టోల్ గేటు పందెంలో ఇవేవీ లేవు, పైగా మీ బండిలో ఎంతమంది, వాళ్ల బండిలో ఎంతమంది అనేది కూడా రాయలేదు.

---

తపోవనం కుర్రోడు:

పెద్దాయనా, తిట్లు నెత్తిన పెట్టుకున్నా. మళ్లీ చేయం. మనుషుల సంగతి బాగా పట్టారు, సిటీలో ముగ్గురం, వెనక డిక్కీలో బియ్యం బస్తా. వర్టస్‌లో వాడొక్కడే. ఈ ముక్క మా అన్నకు చెబితే "నేనప్పుడే చెప్పలా" అని గంట ఎగిరాడు.

---

గుత్తికోట:

బియ్యం బస్తాతో డ్రాగ్ రేసా సామీ 😂 సోనా మసూరా, మామూలుదా?

---

ఎర్రమంచి:

పెనుకొండ వైపు నుంచి. కియా ఫ్యాక్టరీ దగ్గర ఉంటా కాబట్టి నన్ను సెల్టోస్ మనిషి అనుకుంటారు గానీ నాది పాత సిటీ, నాలుగో తరం, ఐదు గేర్లది. దానికీ దాదాపు ఇదే బలం, 119 పీఎస్.

సిటీ తరఫున ఒక మాట. మీరంతా టార్క్, టార్క్ అంటున్నారు. సిటీని రెండో గేరులో ఐదు వేలు దాటించి చూశారా ఎప్పుడైనా? అక్కడ ఆ ఇంజన్ గొంతు మారుతుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. టర్బో బండి ఒక్కసారి తోసి వదిలేస్తుంది, తర్వాత చప్పగా. ఇది చివరిదాకా ఊరిస్తూ పోతుంది. నాకు స్పీడు కన్నా అదే ఇష్టం. ఒప్పుకుంటా, లారీ వెనక ఉన్నప్పుడు రెండుసార్లు గేరు దించాలి. దించండి. చేతులున్నది ఎందుకు?

ఇంకోటి టైర్లు. సిటీ పై మోడళ్లలో 185 వెడల్పు, వర్టస్ పై మోడళ్లలో 205. గట్టిగా తొక్కి లేచేటప్పుడు, ముఖ్యంగా రోడ్డు మీద ఇసుక ఉంటే, సిటీ ముందు చక్రాలు ఒట్టిగా తిరుగుతాయి. నువ్వు కొనేది ఏదైనా, టైరు తయారీ తేదీ చూసుకో. పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం.

---

బళ్లారి చౌరస్తా:

ఎర్రమంచి అన్న మాట కొట్టిపారేయలేం. నా సలహా ఒకటే తమ్ముడూ: సున్నా నుంచి వంద మర్చిపో. నీ దారి తాడిపత్రి, ఎర్రగుంట్ల. సిమెంటు లారీలు, బండలు వేసుకున్న లారీలు నలభై యాభై మీద పోతుంటాయి. నీకు కావాల్సింది 50 నుంచి 90. ఆ పరుగు మూడో గేరులో ఒకసారి, రెండులో ఒకసారి రెండు బండ్లతోనూ చూసుకో. పక్కన కూర్చున్నవాణ్ణి మీటరును ఫోనులో వీడియో తీయమను, ఇంటికొచ్చి వీడియోలో సెకన్లు లెక్కపెట్టు. కడప దారిలో వద్దు, పొద్దున్నే హైవే మీద, ముందు వెనక చూసుకుని.

---

తపోవనం కుర్రోడు:

ఆదివారం పొద్దున ఆరింటికి చేశాం. బళ్లారి చౌరస్తా అన్న చెప్పినట్టే. ప్రతి బండిలో ఇద్దరం, బియ్యం లేదు. పోయేటప్పుడు మూడుసార్లు, వచ్చేటప్పుడు మూడుసార్లు, 90 దాటలేదు.

మూడో గేరులో 50 నుంచి 90 కి వర్టస్ ఏడు సెకన్ల దగ్గర, సిటీ తొమ్మిది దగ్గర. అదే సిటీని రెండో గేరులో పెట్టి తొక్కితే ఆరు లోపే వచ్చేసింది! వర్టస్ కూడా రెండులో ఇంచుమించు అంతే, ఓ పిసరు ముందు. మీటర్లు రెండూ అబద్ధాలే చెబుతాయని పెద్దాయన అన్నారు కాబట్టి ఈ అంకెల మీద ఒట్టు వేయను, కానీ ఒకే బండిలో మూడో గేరుకీ రెండో గేరుకీ ఉన్న తేడా మాత్రం కళ్లతో చూశా.

తర్వాత మా నాయనను సిటీలో కూర్చోబెట్టి తాడిపత్రి దాకా పోయొచ్చా. ఆయనే నడిపాడు. బండల లారీ వెనక నాలుగో గేరులోనే ఉండి, తొక్కి, బండి కదలక, ఎదురుగా బస్సు కనబడి మళ్లీ వెనక్కి తగ్గాడు. "గేరు దించు నాయనా" అంటే, "ముప్పై ఏళ్లుగా నడుపుతున్నా, నువ్వు నాకు చెప్పేది ఏంది" అన్నాడు. నేను మళ్లీ నోరెత్తలా. వచ్చే శనివారం ఒక వర్టస్ చూడ్డానికి పోతున్నా, 2022 మోడల్, ఒకే ఓనరు. నాలుగో గేరులో 50 మీద తొక్కి చూస్తా.